మూసీ నీళ్లలో అసలేముంది? స్కూల్ పిల్లలే కొలిచి చెప్పొచ్చు.. డీవో, బీవోడీ లెక్కలు సింపుల్‌గా

మూసీ.. ఈ పేరు వినగానే హైదరాబాదీలకు ముందు గుర్తొచ్చేది కంపు. బస్సు చాదర్‌ఘాట్ బ్రిడ్జి ఎక్కగానే చేతులు ముక్కు మీదకి వెళ్తాయి. కింద నల్లటి నీళ్లు, ఒడ్డున ప్లాస్టిక్ కవర్లు, అక్కడక్కడా గుర్రపుడెక్క. మూసీ మురికిగా ఉందని చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు.

కానీ ఎంత మురికి? ఎక్కడ మొదలవుతోంది? ఏ నాలా కలిశాక ఎక్కువవుతోంది? నిన్నటి కంటే ఇవాళ తగ్గిందా, పెరిగిందా? ఈ ప్రశ్నలకు ముక్కు సమాధానం చెప్పలేదు. అంకెలే చెప్పాలి. ఆ అంకెల్లో చాలా వాటిని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా రాబట్టొచ్చు. కావాల్సింది తాడు కట్టిన ఒక బకెట్, ఒక కిట్, ఒక నోట్‌బుక్, పక్కన ఒక టీచర్.

మూసీ ప్రక్షాళన మీద రోజూ చర్చలు నడుస్తున్న టైమ్ ఇది. అలాంటప్పుడు పిల్లలు ఈ నీటిని ఎలా పరీక్షించొచ్చు, వచ్చిన నంబర్‌ను ఎలా అర్థం చేసుకోవాలి, ఎక్కడ పొరబడే ఛాన్స్ ఉంది.. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మూసీ కథ తెలియాలి

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ దాదాపు 240 కిలోమీటర్లు ప్రవహించి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరానికి రాకముందే దీని మీద ఉస్మాన్‌సాగర్ ఉంది. ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ ఉంది. లంగర్‌హౌస్ బాపూఘాట్ దగ్గర ఈ రెండూ కలుస్తాయి. 1948లో గాంధీజీ అస్థికలు కలిపిన సంగమం ఇదే.

ఈ రెండు జలాశయాలూ ఊరికే కట్టలేదు. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. వేల మంది చనిపోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనలతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. జంట జలాశయాల గేట్లు మూసి ఉన్నప్పుడు పైనుంచి నది నీళ్లు పెద్దగా రావు. మరి నగరంలో మూసీలో పారేదేంటి? చాలా వరకు మన ఇళ్ల నుంచి, హోటళ్ల నుంచి, హాస్పిటళ్ల నుంచి, ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీళ్లే. కొంత శుద్ధి చేసి వదిలింది, కొంత నేరుగా నాలాల్లో వచ్చింది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. నగరం తాగే నీళ్లలో పెద్ద వాటా కృష్ణా, గోదావరి నుంచి పైపుల్లో వస్తుంది. వాడేసిన ఆ నీళ్లు డ్రైనేజీల్లోంచి మూసీలోకి, మూసీ నుంచి మళ్లీ కృష్ణలోకి పోతున్నాయి. అంటే కృష్ణమ్మ దగ్గర మంచినీళ్లు తెచ్చుకుని మురుగు చేసి తిరిగి పంపిస్తున్నామన్నమాట.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశవ్యాప్తంగా 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. వాటిని ఐదు ప్రాధాన్యతలుగా విడగొట్టింది. హైదరాబాద్ నుంచి నల్లగొండ వైపు పారే మూసీని అందులో మొదటి ప్రాధాన్యతలో పెట్టింది. అంటే అత్యంత కలుషితమైన కేటగిరీ. ఆ కేటగిరీకి ప్రధాన కొలబద్ద.. బీవోడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటడం.

ఇంతకీ ఈ బీవోడీ అంటే ఏంటి? దానికంటే ముందు డీవో గురించి తెలుసుకోవాలి.

డీవో: నీళ్లకు ఊపిరి ఉందా లేదా?

డీవో అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. చేపలు పీల్చేది దీన్నే. నీరు చల్లగా ఉంటే ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర శుభ్రమైన నీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు ఉండొచ్చు. 30 డిగ్రీల దగ్గర 7.5 చిల్లర మాత్రమే. అందుకే ఎండాకాలంలో మురుగునీటి పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

స్నానానికి పనికొచ్చే నీటిలో కనీసం 5 మిల్లీగ్రాముల డీవో ఉండాలి. చేపలు, ఇతర జీవులు బతకాలంటే కనీసం 4 ఉండాలి. సున్నాకి చేరితే ఆక్సిజన్ అవసరం లేని బ్యాక్టీరియా రాజ్యమేలుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ అప్పుడే పుడుతుంది. నీళ్లు నల్లబడేది కూడా అప్పుడే. అంటే బ్రిడ్జి మీద మన ముక్కుకు తగిలే కంపుకు అర్థం.. కింద నీటిలో ఊపిరి ఆగిపోయిందని.

దీన్ని స్కూల్లో ఎలా కొలుస్తారు? హంగేరీ కెమిస్ట్ లాయోష్ వింక్లర్ 1888లో కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి రెండు రసాయనాలు కలుపుతారు. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి ఏర్పడుతుంది. లేకపోతే మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. పిల్లలు కళ్లారా చూసి నేర్చుకునే పరీక్ష ఇది. ఉస్మాన్‌సాగర్ నీళ్ల సీసా, మూసారాంబాగ్ నీళ్ల సీసా పక్కపక్కన పెడితే ఏది ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత యాసిడ్ వేసి, స్టార్చ్ కలిపి, థయోసల్ఫేట్ ద్రావణం చుక్కచుక్కగా వదులుతారు. నీలం రంగు పోయేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో లెక్కపెడతారు. 200 మిల్లీలీటర్ల శాంపిల్‌కు 0.025 నార్మల్ ద్రావణం వాడితే లెక్క చాలా ఈజీ. ఒక మిల్లీలీటర్ పడితే లీటరుకు ఒక మిల్లీగ్రామ్ ఆక్సిజన్ ఉన్నట్టే.

బీవోడీ: మురికి ఎంత ఆకలితో ఉంది?

మలం, అన్నం మెతుకులు, నూనె, సబ్బు.. ఇలాంటివి నీటిలో పడితే బ్యాక్టీరియా వాటిని తింటుంది. తినేటప్పుడు ఆక్సిజన్ వాడుకుంటుంది. తిండి ఎంత ఎక్కువ ఉంటే అంత ఆక్సిజన్ ఖర్చు. ఆ ఖర్చే బీవోడీ. సింపుల్‌గా చెప్పాలంటే డీవో అనేది బ్యాంకులో ఉన్న బ్యాలెన్స్. బీవోడీ అనేది కట్టాల్సిన అప్పు.

పరీక్ష కూడా అలాగే ఉంటుంది. మొదటి రోజు డీవో కొలుస్తారు. అదే నీటిని గాలి, వెలుతురు తగలకుండా ఇంక్యుబేటర్‌లో పెడతారు. తర్వాత మళ్లీ కొలుస్తారు. ఎంత తగ్గిందో అదే బీవోడీ.

పాత పద్ధతిలో 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచేవారు. ఆ 5 రోజుల లెక్క 1912లో బ్రిటన్ రాయల్ కమిషన్ నుంచి వచ్చింది. అక్కడి నదుల్లో నీరు సముద్రం చేరడానికి మహా అయితే ఐదు రోజులు పడుతుందని ఆ గడువు పెట్టుకున్నారు. మన వాతావరణానికి తగ్గట్టు మన దేశంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజుల పద్ధతి వాడుతున్నారు.

ఇక్కడ ఒక చిక్కుంది. మూసీ నీళ్లను ఉన్నవి ఉన్నట్టు సీసాలో పెడితే మొదటి రోజే ఆక్సిజన్ అంతా అయిపోతుంది. చివర్లో సున్నా వస్తుంది. సున్నా వస్తే అప్పు ఎంతో తెలియదు. అందుకే ఆక్సిజన్ బాగా ఎక్కించిన మంచినీటితో శాంపిల్‌ను పలచన చేస్తారు.

ఉదాహరణకు 300 మిల్లీలీటర్ల సీసాలో 30 మిల్లీలీటర్లు మాత్రమే నది నీళ్లు పోశారనుకుందాం. అంటే పది రెట్లు పలచన చేసినట్టు. మొదటి రోజు డీవో 7.5, మూడు రోజుల తర్వాత 4.5 వచ్చింది. తేడా 3. పదితో గుణిస్తే బీవోడీ 30. స్నానానికి పనికొచ్చే నీటిలో ఇది 3 దాటకూడదు. అంటే పరిమితికి పది రెట్లు ఉన్నట్టు.

ఇంక్యుబేటర్ అన్ని స్కూళ్లలో ఉండదు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లేదా మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంట్ సాయం అడగడం బెస్ట్. డీవో, పీహెచ్, ఉష్ణోగ్రత మాత్రం ఒడ్డునే కొలవాలి. శాంపిల్‌ను ఆటోలో స్కూల్‌కి తీసుకెళ్లేలోపు డీవో మారిపోతుంది.

టీడీఎస్ పెన్‌ను గుడ్డిగా నమ్మొద్దు

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే టీడీఎస్ పెన్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. నీళ్లలో ముంచితే నంబర్ వస్తుంది. తక్కువొస్తే నీళ్లు మంచివని అనుకుంటారు. ఇది పెద్ద అపోహ.

టీడీఎస్ పెన్ కొలిచేది నీళ్లు ఎంత బాగా కరెంటును పంపిస్తున్నాయో. దాన్నిబట్టి కరిగిన లవణాలు ఎంతో అంచనా వేస్తుంది. బ్యాక్టీరియాను అది చూడలేదు. పురుగుమందులను చూడలేదు. మందుల అవశేషాలను అసలే చూడలేదు. వర్షపు నీటి బకెట్‌లో చెంచాడు డ్రైనేజీ నీళ్లు కలిపితే టీడీఎస్ తక్కువే చూపిస్తుంది. ఆ నీళ్లు తాగితే మాత్రం నేరుగా హాస్పిటల్‌కే.

అలాగని ఆ పెన్ వేస్ట్ కాదు. ఒక నాలా కలిసే చోటుకు పైన, కింద కొలిస్తే సడెన్‌గా నంబర్ పెరిగిందా లేదా తెలుస్తుంది. పెరిగితే అక్కడేదో కలుస్తోందని క్లూ. నేరం ఎవరు చేశారో ఇది చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది.

సాగుకు కూడా ఇది ముఖ్యం. మామూలు మురుగు శుద్ధి ప్లాంట్లు బీవోడీని తగ్గిస్తాయి కానీ ఉప్పును తీయవు. పొలంలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే నేల చౌడుబారుతుంది.

అమ్మోనియా, నైట్రేట్: మురుగు వయసు చెప్పే జంట

డిటెక్టివ్ పనంటే ఇష్టమున్న పిల్లలకు ఇది భలే నచ్చుతుంది. మలమూత్రాల్లోని నత్రజని ముందు అమ్మోనియాగా మారుతుంది. ఆక్సిజన్ దొరికితే బ్యాక్టీరియా దాన్ని మెల్లగా నైట్రేట్‌గా మారుస్తుంది.

కాబట్టి అమ్మోనియా ఎక్కువ, నైట్రేట్ తక్కువ ఉంటే తాజా మురుగు దగ్గర్లోనే కలుస్తోందని అర్థం. అమ్మోనియా తగ్గి నైట్రేట్ పెరుగుతుంటే మురుగు కలిసి కొంతసేపు అయింది, నది తనను తాను బాగు చేసుకుంటోందని అర్థం. ఒక్క నంబర్ చూస్తే ఈ కథ తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టాలి.

ఒక జాగ్రత్త. అమ్మోనియా కోసం వాడే నెస్లర్ ద్రావణంలో పాదరసం ఉంటుంది. స్కూళ్లలో దాని బదులు సాలిసిలేట్ రకం కిట్లు వాడటం మంచిది. పరీక్ష అయ్యాక మిగిలిన రసాయనాలను సింక్‌లో పారబోయకుండా ఒక డబ్బాలో దాచి ల్యాబ్‌కు ఇవ్వాలి. నది కాలుష్యం కొలవడానికి వెళ్లి మనమే కాలుష్యం చేస్తే ఎలా?

నల్లబడే సీసా.. మన సైంటిస్టుల ఐడియా

నీళ్లలో మలం కలిసిందా లేదా తెలుసుకోవడానికి ల్యాబ్‌లో ఫీకల్ కోలిఫాం పరీక్ష చేస్తారు. స్నానానికి వాడే నీటిలో ఇది 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండటం మంచిది. గరిష్ఠంగా 2,500 దాటకూడదు.

స్కూల్లో చేయగలిగే పరీక్ష ఇంకొకటుంది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1982లో దీన్ని ప్రకటించారు. చిన్న సీసాలో ప్రత్యేకమైన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు నింపి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతో పాటు వచ్చే కొన్ని రకాల బ్యాక్టీరియా ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి నీళ్లు నల్లగా మారతాయి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షల ట్రైనింగ్ ఇస్తున్న సంగతి తెలిసిందే. అలాంటి ఫీల్డ్ కిట్లలో ఈ సీసా కనిపిస్తుంది.

మూసీ మురుగు మీద దీన్ని వాడటం దండగ. అది నల్లబడుతుందని ముందే తెలుసు. నది ఒడ్డున బోర్లు, చేతిపంపుల నీళ్లు తెచ్చి పరీక్షిస్తే ఉపయోగం. నల్లబడితే ఆ నీళ్లు తాగొద్దని ఆ ఇంటివాళ్లకు అదే రోజు చెప్పొచ్చు. వాడేసిన సీసాల్లో బ్లీచింగ్ పౌడర్ ద్రావణం పోసి కాసేపు ఉంచాకే పారేయాలి.

కిట్లు లేకపోతే పురుగులు ఉన్నాయిగా!

డబ్బు ఖర్చు లేని పరీక్ష కూడా ఉంది. నీళ్లలో ఏ పురుగులు బతుకుతున్నాయో చూడటం. తూనీగ పిల్లలు నీటిలోనే పెరుగుతాయి. ఇలాంటివి రకరకాలుగా కనిపిస్తే నీరు కొంత నయమే. బురదలో సన్నటి ఎర్ర పురుగులు తప్ప ఇంకేం కనబడకపోతే ఆక్సిజన్ బాగా తక్కువని అర్థం. వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది. అందుకే ఆ ఎరుపు, అందుకే అంత తక్కువ ఆక్సిజన్‌లోనూ బతుకుతాయి.

దీనికో ప్లస్ పాయింట్ ఉంది. కెమికల్ పరీక్ష ఆ నిమిషంలో ఉన్న పరిస్థితినే చెబుతుంది. రాత్రి ఎవరైనా ట్యాంకర్ ఖాళీ చేసి వెళ్లిపోతే పొద్దున పరీక్షలో దొరక్కపోవచ్చు. పురుగులు మాత్రం వారాలపాటు అక్కడే ఉంటాయి. వాటి హాజరు పట్టీ అబద్ధం చెప్పదు. కేంద్ర మండలికి కూడా ఇలాంటి జీవులను బట్టి నీటి నాణ్యతను లెక్కగట్టే పద్ధతి ఉంది.

ఎక్కడెక్కడ శాంపిల్ తీయాలి?

ఒకే చోట పది సీసాలు నింపితే లాభం లేదు. నది వెంట కొన్ని పాయింట్లు ఎంచుకోవాలి. మూసీకైతే ఇలా ప్లాన్ చేయొచ్చు.

1. నగరం మొదట్లో: నార్సింగి వైపు, లేదా బాపూఘాట్ సంగమం.

2. నగరం నడిబొడ్డున: 1578లో కట్టిన పురానాపూల్, ఆ తర్వాత చాదర్‌ఘాట్.

3. నాలా కలిసే చోట: హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు తెచ్చే నాలా చివరికి మూసీలోనే కలుస్తుంది. కలిసే చోటుకు పైన ఒకటి, కింద ఒకటి.

4. శుద్ధి ప్లాంట్ దగ్గర: అంబర్‌పేట ఎస్టీపీ సామర్థ్యం రోజుకు 339 మిలియన్ లీటర్లు. నాగోల్ ఎస్టీపీది 172 మిలియన్ లీటర్లు. ప్లాంట్ నీళ్లు వదిలే చోటుకు పైన, కింద కొలిస్తే నదికి మేలు జరుగుతోందా లేదా తేలుతుంది.

5. నగరం దాటాక: పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఇంకా కిందకి వీలైతే కత్వల దగ్గర.

ప్రతిసారీ ఒకే టైమ్‌కి తీయాలి. ఎందుకంటే పచ్చని నాచు ఉన్న నీటిలో మధ్యాహ్నం డీవో బాగా పెరుగుతుంది, తెల్లవారుజామున పడిపోతుంది. ఒక పాయింట్‌లో ఉదయం 7 గంటలకు, ఇంకో పాయింట్‌లో మధ్యాహ్నం 2 గంటలకు కొలిచి పోలిస్తే లెక్క తప్పుతుంది. చెరువుల్లో చేపలు చచ్చి తేలడం ఎక్కువగా తెల్లారేసరికే కనిపించడానికి కూడా కారణం ఇదే.

ప్రతి చోటా మూడు శాంపిళ్లు తీయాలి. మూడూ దగ్గరదగ్గరగా వస్తే నమ్మొచ్చు. ఒకటి తేడాగా వస్తే దాన్ని చెరిపేయకూడదు. రాసి పెట్టి, ఎందుకొచ్చిందో వెతకాలి. తేదీ, టైమ్, వాన పడిందా లేదా, నీళ్ల రంగు, వాసన.. అన్నీ నోట్ చేయాలి. పీహెచ్ మీటర్ అయితే బయల్దేరే ముందే బఫర్ ద్రావణాలతో సరిచూసుకోవాలి.

గాఢత ఒక్కటే చూస్తే సరిపోదు

చాలా మంది మర్చిపోయే లెక్క ఒకటుంది. నీరు ఎంత మురికి అన్నదే కాదు, ఎంత నీరు పారుతోంది అన్నది కూడా చూడాలి. రోజుకు మిలియన్ లీటర్ల నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రామ్ ఉంటే మొత్తం సరిగ్గా ఒక కిలో. ఈ సూత్రం గుర్తుంటే చాలు.

అంబర్‌పేట ప్లాంట్ పూర్తి సామర్థ్యంతో నడుస్తోందనుకోండి. బయటకు వదిలే నీటిలో బీవోడీ 10 మిల్లీగ్రాములు తగ్గిస్తే రోజుకు 3,390 కిలోల మురికి భారం నదికి తప్పుతుంది. చిన్న నాలాలో బీవోడీ 200 ఉన్నా, రోజుకు అర మిలియన్ లీటర్లే పారితే దాని భారం 100 కిలోలు. కంటికి భయంకరంగా కనిపించే నాలా కంటే మామూలుగా కనిపించే పెద్ద పైపే ఎక్కువ నష్టం చేయొచ్చు. డబ్బు ముందు ఎక్కడ ఖర్చు పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది.

హైదరాబాద్‌లో 31 కొత్త ఎస్టీపీలకు 3,866 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. వాటి మొత్తం సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు. ప్లాంట్ కట్టడం సగం పనే. మురుగు అక్కడిదాకా చేరాలి, ప్లాంట్ నిరంతరం సరిగ్గా నడవాలి. అది జరుగుతోందా లేదా అన్నది నదిలో నంబరే చెప్పాలి.

కింద ఊళ్లకు ఏమవుతోంది?

ఇది నగరంలో ముక్కు మూసుకునే వాళ్ల సమస్య మాత్రమే కాదు. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, కొర్రెముల లాంటి చోట్ల ఈ నీళ్లతోనే పశుగ్రాసం, ఆకుకూరలు, వరి పండిస్తున్నారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు, ఆ ఆకుకూరలు మళ్లీ నగరానికే వస్తాయి. రైతులకు ఏడాదంతా నీళ్లున్నాయన్నది నిజమే. రోజూ ఆ నీళ్లలోనే కాళ్లు పెట్టి పని చేయాల్సి వస్తోందన్నదీ నిజమే.

కొంచెం ఊరటనిచ్చే విషయం ఏంటంటే నగరం దాటాక నది మెల్లగా కోలుకుంటుంది. మూసీ మీదున్న పాత కత్వల దగ్గర నీరు నిలిచి మడ్డి అడుగుకు చేరుతుంది. కత్వ మీంచి దూకేటప్పుడు గాలి కలుస్తుంది. నగరం నుంచి కిందకి వెళ్లేకొద్దీ బీవోడీ, మల బ్యాక్టీరియా తగ్గి డీవో పెరుగుతున్నట్టు అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధనల్లో తేలింది. కత్వల దగ్గర కనిపించే తెల్లటి నురగ మాత్రం మంచు కాదు, చాలా వరకు మన డిటర్జెంట్లే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కేంద్ర మండలి నీటిని ఏ నుంచి ఈ వరకు ఐదు తరగతులుగా విడగొట్టింది. చివరిదైన ఈ తరగతి సాగుకు. అందులో పీహెచ్, లవణాలు, సోడియం, బోరాన్ పరిమితులే ఉన్నాయి. బీవోడీకి గానీ, బ్యాక్టీరియాకు గానీ పరిమితి లేదు. కాబట్టి రిపోర్టులో సాగుకు ఓకే అని ఉన్నంత మాత్రాన ఆ నీటితో పెరిగిన కొత్తిమీరను కడక్కుండా పచ్చిగా తినొచ్చని కాదు.

పిల్లల కిట్‌కు దొరకనివి

భార లోహాలు, యాంటీబయాటిక్స్, పురుగుమందులు.. వీటిని పట్టుకోవాలంటే పెద్ద ల్యాబులే కావాలి. స్కూల్ కిట్‌లో అన్నీ బాగానే వచ్చాయంటే నది క్లీన్ అని రాయకూడదు. మేము కొలిచినవి ఇవి, కొలవనివి ఇవి అని రిపోర్టులో స్పష్టంగా రాయాలి.

ఇదెంత ముఖ్యమో చెప్పడానికి పటాన్‌చెరు ఉదాహరణ చాలు. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటకొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఇలాంటి నీటిలో బతికే బ్యాక్టీరియా మందులకు లొంగకుండా తయారవుతుంది. మామూలు పీహెచ్, టీడీఎస్ పరీక్షల్లో ఇది దొరికే విషయమే కాదు.

సేఫ్టీ ఫస్ట్.. ఇవి తప్పనిసరి

* పిల్లలు నీళ్లలోకి దిగకూడదు. బ్రిడ్జి మీంచి, లేదా గట్టి మెట్ల మీంచి తాడు కట్టిన బకెట్‌తోనే తీయాలి.

* గ్లవ్స్, మూసి ఉన్న బూట్లు ఉండాలి. చేతికి, కాలికి గాయముంటే ఆ రోజు నోట్‌బుక్ డ్యూటీ మాత్రమే. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి.

* పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే టిఫిన్ బాక్స్ ముట్టుకోవాలి.

* వానాకాలంలో జలాశయాల గేట్లు ఎత్తుతున్నట్టు అలర్ట్ వస్తే ప్రోగ్రామ్ క్యాన్సిల్ చేయాలి. 2025 సెప్టెంబర్ చివర్లో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే నీళ్లొచ్చిన సంగతి మర్చిపోవద్దు.

* స్కూల్ పర్మిషన్, తల్లిదండ్రుల అంగీకారం, కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి.

తప్పు దొరికితే ఏం చేయాలి?

ఏదైనా పైపు నుంచి రంగు నీళ్లు, ఘాటైన కెమికల్ వాసన వస్తే పిల్లలు దాని వెంట పడకూడదు. దూరం నుంచి ఫొటో, వీడియో తీసి, టైమ్, లొకేషన్ రాసుకుని టీచర్ ద్వారా తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయాలి.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం కోర్టులో చెల్లే శాంపిల్‌ను మండలి అధికారులే ఒక పద్ధతిలో తీయాలి. పిల్లల శాంపిల్‌తో కేసు నిలబడదు. కానీ అధికారులను సరైన చోటికి, సరైన టైమ్‌కి రప్పించడానికి అది సరిపోతుంది. ఆరు నెలల పాటు ప్రతి రెండో శనివారం ఒకే చోట తీసిన నంబర్లు చేతిలో ఉంటే, అప్పుడప్పుడూ వచ్చే ఫిర్యాదు కంటే దానికి బరువెక్కువ. ఎస్టీపీల నెలవారీ రిపోర్టుల కోసం పెద్దవాళ్లు సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. ఆ నంబర్లను పిల్లల నంబర్ల పక్కన పెట్టి చూస్తే ఇంకా బాగుంటుంది.

ఈ లెక్కలు ఎవరి కోసం?

నార్సింగి నుంచి గౌరెల్లి దాకా దాదాపు 55 కిలోమీటర్ల మూసీని బాగు చేయాలన్నది సర్కార్ ప్లాన్. దీనికోసం నదీగర్భంలో ఉన్నాయంటూ 2024లో ఇళ్లకు మార్కింగ్‌లు వేయడం, జనం రోడ్డెక్కడం అందరూ చూశారు. ప్రాజెక్టు కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు ఇద్దరూ మాట్లాడేది ఈ నీళ్ల గురించే. ఇల్లు పోగొట్టుకునే కుటుంబానికైనా, కింద ఊళ్లో గడ్డి కోసే రైతుకైనా, పన్ను కట్టే నగరవాసికైనా అడిగే హక్కున్న ప్రశ్న ఒక్కటే. ఇంత ఖర్చు తర్వాత నీళ్లు బాగుపడ్డాయా?

ఒడ్డున పార్కులు, లైట్లు, వాకింగ్ ట్రాక్‌లు చూసి దీనికి జవాబు చెప్పలేం. పని మొదలవకముందు డీవో ఎంత, తర్వాత ఎంత అన్నదే జవాబు. ముందు నంబర్ ఇప్పుడే రాసి పెట్టుకోకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ మిగలదు.

ఈ పద్ధతి మూసీకే కాదు. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలున్నాయి. విశాఖలో గెడ్డలున్నాయి. మీ ఊళ్లో పేరు లేని డ్రైనేజీ కాలువైనా ఉంటుంది. సైన్స్ ఫెయిర్ కోసం థర్మాకోల్ మోడల్ చేయడం కంటే, దాని మీద మూడు పాయింట్లు ఎంచుకుని నెలకు రెండుసార్లు డీవో, పీహెచ్, ఉష్ణోగ్రత కొలిచి క్లాస్ గోడ మీద చార్ట్ పెట్టడం మేలు. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలు మొదలుపెట్టిన చార్ట్‌ను వచ్చే ఏడాది ఎనిమిది నుంచి వచ్చినవాళ్లు కొనసాగిస్తే చాలు.